హెర్మన్ రసెల్: విరాళానికి ముందు వాటా

అమెరికాలోని అట్లాంటా విమానాశ్రయం పేరు హార్ట్స్‌ఫీల్డ్-జాక్సన్. చదువుకో, ఉద్యోగానికో వెళ్లి అక్కడ దిగిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పేరులో రెండో సగం మేనార్డ్ జాక్సన్‌ది. అట్లాంటాకు మేయరైన తొలి నల్లజాతి నాయకుడు ఆయన. ఆయన హయాంలో అక్కడ కొత్త టెర్మినల్ కట్టినప్పుడు, నల్లజాతి కాంట్రాక్టర్లకు నగరంలోని పెద్ద పనుల్లో వాటా దక్కింది. ఆ వాటాతో ఎదిగినవారిలో ముందు వరసలో చెప్పుకునే పేరు హెర్మన్ జెరోమ్ రసెల్.

రసెల్ (1930–2014) ఒక తాపీ మేస్త్రీ కొడుకు. పదహారేళ్ల వయసులో చిన్న జాగా కొని మొదలుపెట్టి, అమెరికాలో నల్లజాతివారి యాజమాన్యంలోని అతి పెద్ద నిర్మాణ, రియల్ ఎస్టేట్ సంస్థల్లో ఒకదాన్ని నిలబెట్టారు. పౌరహక్కుల ఉద్యమానికి డబ్బు సాయం చేశారు. 1999లో నాలుగు విద్యాసంస్థలకు 40 లక్షల డాలర్లు ఇచ్చారు.

ఇలాంటి జీవితాలను మన పత్రికలు 'కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చు' అనే పాఠంగా రాస్తాయి. దళిత యువతకు ఆ పాఠం చెప్పేవాళ్లు చాలాసార్లు 'మరి రిజర్వేషన్లు ఎందుకు?' అనే ప్రశ్న దగ్గర తేలతారు. రసెల్ జీవితాన్ని వివరంగా చూస్తే ఆ పాఠం నిలవదని మేము అనుకుంటున్నాం. ఆయన కష్టపడ్డారు, అందులో సందేహం లేదు. ఆయన తండ్రీ, ఆ వాడలోని వందలాది కుటుంబాలూ అంతే కష్టపడ్డాయి. రసెల్‌ను ముందుకు తీసుకెళ్లిన సంగతులు వేరే ఉన్నాయి. మొదటిది సొంత జాగా. రెండోది సొంత సమాజం నడిపిన బ్యాంకు. మూడోది ఓటు బలంతో సాధించిన కాంట్రాక్టుల వాటా. ఆయన విరాళాలు ఈ మూడింటి తర్వాత వచ్చాయి.

సమ్మర్‌హిల్ వాడ

రసెల్ 1930 డిసెంబర్ 23న అట్లాంటాలో పుట్టారు. రోజర్స్, మ్యాగీ దంపతుల ఎనిమిదిమంది పిల్లల్లో చివరివాడు. తండ్రిది గోడలకు పూత పూసే తాపీ పని. తల్లి ఇళ్లలో పనిచేసేది. వాళ్లుండే సమ్మర్‌హిల్ నగరం నడిబొడ్డుకు దగ్గర్లోనే ఉన్నా, నగరం దాన్ని వెలివాడలాగే చూసింది. బస్సులో వెనక సీట్లు, తాగునీటికి వేరే కుళాయి, చదువుకు వేరే బడి. దక్షిణాది రాష్ట్రాల్లో ఇదంతా చట్టమే. రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన మన పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

రసెల్‌కు చిన్నప్పటి నుంచి నత్తి. అది జీవితాంతం ఉంది. మాట్లాడటం కష్టం కాబట్టి పనితోనే మెప్పించాలని ఆ పిల్లవాడు తొందరగా గ్రహించాడు. పేపర్లు వేశాడు, బూట్లు పాలిష్ చేశాడు, తండ్రి వెంట వెళ్లి సున్నం, సిమెంటు కలిపాడు. సంపాదన ఎంత చిన్నదైనా అందులో కొంత పక్కన పెట్టాలన్నది తండ్రి నేర్పిన నియమం. తండ్రికి సొంత పనివాళ్ల జట్టు ఉండటం కూడా పిల్లవాడి మీద పనిచేసింది. కూలికి పోవడానికీ, పని ఒప్పుకుని చేయించడానికీ తేడా ఏమిటో ఇంట్లోనే చూశాడు.

125 డాలర్ల జాగా

పదహారేళ్ల వయసులో రసెల్ తన వాడలోనే ఒక ఖాళీ జాగాను 125 డాలర్లకు కొన్నాడు. ఆ తర్వాత స్నేహితుల సాయంతో, బడికి సెలవులు దొరికినప్పుడల్లా పనిచేసి అక్కడ రెండు వాటాల ఇల్లు కట్టాడు. ఆ ఇంటి అద్దె డబ్బుతోనే అలబామా రాష్ట్రంలోని టస్కెగీ కాలేజీలో భవన నిర్మాణం చదువుకున్నాడు.

టస్కెగీని ఎంచుకోవడంలో ఒక అర్థం ఉంది. బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ నాయకత్వంలో 1881లో మొదలైన సంస్థ అది. అక్కడి తొలి భవనాలకు విద్యార్థులే ఇటుకలు కాల్చి, వాళ్లే గోడలు కట్టారు. చేతి పనిని నీచంగా చూసే సమాజంలో, ఆ పనినే చదువుగా మార్చిన చోటు.

ఈ చిన్న ఇంట్లో రసెల్ వ్యాపార పద్ధతంతా ఉంది. ఇతరుల కోసం కట్టి కూలి తీసుకుంటే ఆ డబ్బు ఆ నెలకు సరిపోతుంది. సొంత జాగాలో కట్టి అద్దెకిస్తే ప్రతి నెలా డబ్బు వస్తుంది, జాగా విలువ పెరుగుతుంది, ఆ జాగాను చూపించి మరో జాగాకు అప్పు పుట్టించవచ్చు. కాంట్రాక్టర్‌కూ డెవలపర్‌కూ మధ్య తేడా ఇదే. రసెల్ చివరిదాకా రెండు పనులూ చేశారు. పూత పనిలో వచ్చిన లాభాన్ని స్థలాల్లో పెట్టారు. ఆ స్థలాల మీద ఇళ్లు కట్టి అమ్మకుండా ఎక్కువ భాగం అద్దెకు ఉంచుకున్నారు.

అప్పు ఎవరిస్తారు?

1953లో చదువు ముగించుకుని రసెల్ అట్లాంటా తిరిగొచ్చి తండ్రితో కలిసి పనిచేశారు. తండ్రి చనిపోయాక వ్యాపారం ఆయన చేతికొచ్చింది. కంపెనీ మాత్రం తన పుట్టిన సంవత్సరాన్ని 1952గా చెప్పుకుంటుంది. 1956లో ఓటీలియా హాక్నీని పెళ్లి చేసుకున్నారు. ఆమె బడిపంతులమ్మ.

ఆ రోజుల్లో నల్లజాతి మనిషి ఇల్లు కట్టడానికి అప్పు పుట్టడం ఎంత కష్టమో తెలియాలంటే ఒక పటం గురించి చెప్పాలి. 1930ల చివర్లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి చాలా నగరాలకు రంగుల పటాలు గీయించింది. నల్లజాతి వాడలకు ఎరుపు రంగు వేసింది. ఎరుపంటే అప్పు తిరిగిరాదని అర్థం. ఫెడరల్ గృహ రుణాల హామీ కూడా ఆ వాడలకు దూరంగానే ఉండిపోయింది. తెల్లజాతి కుటుంబాలు ప్రభుత్వ హామీతో ఇళ్లు కొనుక్కుని రెండు తరాల్లో ఆస్తి కూడబెట్టుకున్నాయి. నల్లజాతి కుటుంబాలు అద్దె కట్టుకుంటూ ఉండిపోయాయి. గృహ విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు.

అట్లాంటా నల్లజాతి సమాజం దీనికి సొంత దారి వెతుక్కుంది. బానిసగా పుట్టి, క్షౌరవృత్తితో ఎదిగిన అలోంజో హెర్న్‌డన్ 1905లో మొదలుపెట్టిన సంస్థ తర్వాత అట్లాంటా లైఫ్ బీమా కంపెనీ అయింది. 1921లో సిటిజెన్స్ ట్రస్ట్ బ్యాంకు వచ్చింది. నల్లజాతి టీచర్ల, పాస్టర్ల, ఇంటిపనివాళ్ల పొదుపు ఈ సంస్థల్లో పోగయ్యింది. ఆ డబ్బే నల్లజాతి ఇళ్లకూ, బిల్డర్లకూ అప్పుగా వెళ్లింది. తెల్లవాళ్ల బ్యాంకులు తలుపు తీయని కాలంలో రసెల్‌కు కూడా ఈ వ్యవస్థే దన్నుగా నిలిచింది. తర్వాతి కాలంలో ఆయన సిటిజెన్స్ ట్రస్ట్ బోర్డులో కూర్చున్నారు. ఒంటి చేత్తో పైకొచ్చిన మనిషి అని రసెల్ గురించి రాసేవాళ్లు ఈ వేలాదిమంది పొదుపరులను మరిచిపోతారు.

ఉద్యమానికి వెనక నిలబడి

1960లో అట్లాంటా కాలేజీ విద్యార్థులు భోజనశాలల్లో వివక్షకు వ్యతిరేకంగా బైఠాయింపులు మొదలుపెట్టారు. నగరంలో అప్పటికే ఉన్న నల్లజాతి దినపత్రిక ఈ విద్యార్థుల పట్ల మెతకగా లేదు. దాంతో ఉద్యమం పక్షాన 'అట్లాంటా ఇంక్వైరర్' అనే కొత్త పత్రిక పుట్టింది. దాని వెనక ఉన్న వ్యాపారుల్లో బీమా రంగానికి చెందిన జెస్సీ హిల్ జూనియర్‌తో పాటు రసెల్ ఒకరు. అరెస్టయిన వాళ్లకు బెయిలు డబ్బు సర్దడంలోనూ ఆయన చేయి ఉంది.

మార్టిన్ లూథర్ కింగ్ కుటుంబంతో ఆయనకు దగ్గరి స్నేహం. నగరంలో నల్లవారికి ఈతకొలనులు అంతగా అందుబాటులో లేని రోజుల్లో రసెల్ ఇంట్లో ఒక కొలను ఉండేది. కింగ్, ఆయన సహచరులు అక్కడికి వచ్చి కాసేపు ఈదేవారు, అక్కడే కూర్చుని ఉద్యమం గురించి మాట్లాడుకునేవారు. వేదికల మీద రసెల్ కనిపించేది తక్కువ. తెల్లవాళ్లతో వ్యాపారం చేయాల్సిన మనిషికి బయటపడి మాట్లాడటంలో ఉన్న ప్రమాదం ఆయనకు తెలుసు. ఇది పిరికితనమా, ఎత్తుగడా అని అప్పుడూ చర్చ ఉంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ చాటుగా చందాలిచ్చిన మనవాళ్లను చూసినవారికి ఆ చర్చ కొత్తగా అనిపించదు.

1962లో రెండు సంగతులు జరిగాయి. అట్లాంటా వాణిజ్య మండలి నుంచి రసెల్‌కు సభ్యత్వ ఆహ్వానం వచ్చింది. ఆయన నల్లజాతివాడని పంపినవాళ్లకు తెలియదు. ఆయన మారుమాట్లాడకుండా రుసుము కట్టి, ఆ మండలిలో తొలి నల్లజాతి సభ్యుడయ్యారు. అదే సంవత్సరం డిసెంబర్‌లో, నగరం నైరుతి వైపున ఒక నల్లజాతి డాక్టర్ తెల్లవాళ్ల కాలనీలో ఇల్లు కొనబోతే, పేటన్ రోడ్డు మీద మేయర్ అడ్డుకంచె వేయించాడు. నల్లవాళ్లు ఇటు రాకూడదని నగరమే గోడ కట్టినట్టయింది. కోర్టు తప్పుబట్టడంతో 1963 మార్చి 1న దాన్ని తీసేశారు. తమిళనాడు ఉత్తపురంలో దళితవాడకు అడ్డంగా కట్టిన గోడలో కొంత భాగాన్ని 2008 మేలో కూల్చిన సంగతి మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఆ వాణిజ్య మండలికే 1980ల మొదట్లో రసెల్ అధ్యక్షుడయ్యారు. అంతకు ముందు ఆ పదవి చేపట్టిన నల్లజాతివాడు జెస్సీ హిల్ ఒక్కడే.

మేయర్ మారాక మారిన లెక్క

1960ల చివరికల్లా రసెల్ పూత పని నగర నడిబొడ్డులోని ఎత్తయిన భవనాల దాకా వెళ్లింది. ఫెడరల్ సబ్సిడీ పథకాల కింద పేద కుటుంబాలకు అపార్ట్‌మెంట్లు కట్టే పనీ పెద్దఎత్తున చేశారు. అయినా నగరపాలక సంస్థ ఇచ్చే పెద్ద కాంట్రాక్టులు మాత్రం అందలేదు. జనాభాలో సగం దాటిన నల్లజాతివారికి 1973 నాటి నగర కాంట్రాక్టుల విలువలో ఒక శాతం కూడా దక్కడం లేదు.

1970 జనాభా లెక్కల నాటికి అట్లాంటాలో నల్లజాతివారు సగానికి మించారు. 1965 ఓటు హక్కు చట్టం వారి ఓటును కాపాడింది. 1973లో మేనార్డ్ జాక్సన్ గెలిచారు. ఆ గెలుపుకు ఆర్థికంగా అండగా ఉన్నవారిలో రసెల్ ఒకరు.

జాక్సన్ మొదట చేసిన పనుల్లో విమానాశ్రయం ఒకటి. దాదాపు 50 కోట్ల డాలర్ల పని. నల్లజాతి, ఇతర మైనారిటీ సంస్థలకు సుమారు పావు వంతు వాటా ఉండేలా పెద్ద కంపెనీలు వాటితో ఉమ్మడిగా టెండరు వేయాలని షరతు పెట్టారు. తెల్లజాతి వ్యాపారవర్గం గగ్గోలు పెట్టింది. నాణ్యత పోతుందన్నారు, ఖర్చు పెరుగుతుందన్నారు, అర్హులు లేరన్నారు. రన్‌వే మీద గడ్డి మొలిచినా సరే, వాటా లేకుండా పని మొదలుకాదని జాక్సన్ తేల్చిచెప్పారు. తమ బోర్డుల్లో నల్లవారికి చోటివ్వని బ్యాంకుల నుంచి నగర నిధులు తీసేస్తామనీ హెచ్చరించారు. 1980 సెప్టెంబర్ 21న టెర్మినల్ తెరుచుకుంది. ఆకాశమేమీ ఊడిపడలేదు. అది ప్రపంచంలో అత్యంత రద్దీగా ఉండే విమానాశ్రయాల్లో ఒకటిగా ఎదిగింది. నగర కాంట్రాక్టుల్లో నల్లజాతి సంస్థల వాటా అయిదారేళ్లలోనే మూడో వంతు దాటింది.

ఉమ్మడి టెండరు షరతులో ఒక కీలకం ఉంది. ఏ పెద్ద టెండరైనా 'ఇంతకు ముందు ఇంత పెద్ద పని చేశారా?' అని అడుగుతుంది. పని ఇవ్వనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే పని ఇవ్వరు. తరతరాలుగా బయట ఉంచినవాళ్లను ఇంకా బయటే ఉంచడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు. పెద్ద కంపెనీతో కలిసి చేసినప్పుడు చిన్న సంస్థ పుస్తకాల్లోకి డబ్బుతో పాటు అనుభవం కూడా చేరుతుంది. తర్వాతి టెండరుకు అదే అర్హత.

రసెల్ ఎదుగుదలలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. 1979లో విమానాశ్రయాల్లో తినుబండారాల దుకాణాలు నడిపే కన్సెషన్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టారు. 1992లో తెరిచిన జార్జియా డోమ్, 1996 ఒలింపిక్స్ స్టేడియం, 1999 నాటి ఫిలిప్స్ అరీనా, 2014లో తెరిచిన పౌర, మానవ హక్కుల కేంద్రం... ఇలా నగరం గర్వంగా చూపించుకునే కట్టడాల్లో ఆయన కంపెనీ భాగస్వామిగా ఉంది. 2003లో ఆయన కొడుకు మైకేల్ పగ్గాలు తీసుకున్నారు.

తిరిగి ఇచ్చింది

మన ఉద్యమంలో 'పే బ్యాక్ టు సొసైటీ' అనే మాట అందరికీ తెలుసు. 1978లో బామ్‌సెఫ్ ఆ మాటను ఊరూరా ఉద్యోగుల దగ్గరికి తీసుకెళ్లింది. 1956 మార్చిలో ఆగ్రాలో అంబేడ్కర్ చదువుకున్నవాళ్లు సమాజాన్ని వదిలేశారని బాధపడిన సందర్భాన్ని ఇప్పటికీ ప్రతి సభలో గుర్తుచేసుకుంటాం. రసెల్ తిరిగి ఇచ్చిన తీరును ఆ కొలతతోనే చూద్దాం.

1999లో ఆయన ఫౌండేషన్ ఇచ్చిన 40 లక్షల డాలర్లలో మోర్‌హౌస్, క్లార్క్ అట్లాంటా, టస్కెగీ, జార్జియా స్టేట్ అనే నాలుగు సంస్థలకు పది లక్షల చొప్పున వెళ్లాయి. మొదటి మూడూ నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టినవి. డబ్బు భవనాల మీద పేర్లు చెక్కించడానికి ఇవ్వలేదు. విద్యార్థులకు సొంత వ్యాపారం నడపడం నేర్పే కోర్సులకు ఇచ్చారు. ఉద్యోగానికి తయారుచేసే చదువు ఉంది గానీ, ఉద్యోగాలిచ్చే స్థితికి తీసుకెళ్లే చదువు మనవాళ్లకు లేదన్నది ఆయన ఆలోచన.

పాస్కల్స్ అనే భోజనశాల కథ మరో రకం. 1947లో పాస్కల్ సోదరులు మొదలుపెట్టిన ఆ హోటల్లోనే కింగ్, ఆయన సహచరులు ఎన్నో ఊరేగింపులకు పథకాలు వేసుకున్నారు. ఆ పేరు కనుమరుగు కాకుండా 2002లో జేమ్స్ పాస్కల్‌తో కలిసి రసెల్ క్యాసిల్‌బెరీ హిల్ ప్రాంతంలో దాన్ని మళ్లీ తెరిచారు. ఇది దానం కాదు, వ్యాపారమే. అయినా ఒక సమాజపు జ్ఞాపకానికి సొంత పైకప్పు ఉండటం చిన్న విషయమేమీ కాదు.

2014లో 'బిల్డింగ్ అట్లాంటా' పేరుతో ఆత్మకథ వెలువడింది. అదే ఏడాది నవంబర్ 15న, 83వ ఏట ఆయన కన్నుమూశారు. తర్వాత కుటుంబం ఫెయిర్ స్ట్రీట్‌లోని కంపెనీ పాత ప్రధాన కార్యాలయాన్ని నల్లజాతి వ్యాపారులకు శిక్షణ, చోటు కల్పించే రసెల్ ఇన్నోవేషన్ సెంటర్‌గా మార్చింది.

మిగిలిన ప్రశ్నలు

ఇక్కడితో ఆపితే ఇది కీర్తన అవుతుంది. రసెల్ పుట్టిన సమ్మర్‌హిల్ ఏమైందో కూడా చెప్పాలి. హైవేలు ఆ ప్రాంతాన్ని కోసేశాయి. 1965లో తెరిచిన బేస్‌బాల్ స్టేడియం కోసం ఆ చుట్టుపక్కల ఇళ్లు ఖాళీ చేయించారు. 1996 ఒలింపిక్స్ స్టేడియం వచ్చిందీ ఆ పక్కనే. దాన్ని కట్టిన ఉమ్మడి సంస్థలో రసెల్ కంపెనీ ఉంది. తన వాడను మింగుతున్న నిర్మాణంలో తనకూ వాటా ఉండటం న్యాయమా? వాటా లేకపోయినా స్టేడియం ఆగేది కాదు. అయితే కాంట్రాక్టులో వాటా రావడమూ, వాడను మిగుల్చుకోవడమూ వేర్వేరు పోరాటాలని సమ్మర్‌హిల్ చూపిస్తుంది. మొదటిది గెలిచినంత మాత్రాన రెండోది గెలిచినట్టు కాదు.

అట్లాంటాలో నల్లజాతి కోటీశ్వరులు పుట్టారు. అదే సమయంలో అమెరికాలో ఆదాయ అంతరాలు ఎక్కువగా ఉన్న నగరాల జాబితాల్లో అట్లాంటా పేరు పదేపదే వస్తూనే ఉంది. కాంట్రాక్టు వాటా మొదట చేరేది అప్పటికే కొంత పునాది ఉన్నవాళ్లకు. రసెల్ తండ్రికి పనివాళ్ల జట్టయినా ఉంది. అదీ లేనివాళ్లకు ఈ మెట్టు ఎత్తుగానే ఉంటుంది.

వాటా శాశ్వతమూ కాదు. 1989లో రిచ్‌మండ్ నగరం కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి కోటాను కొట్టేసింది. అదే ఏడాది జార్జియా సుప్రీంకోర్టు అట్లాంటా కార్యక్రమాన్నీ తప్పుబట్టింది. వివక్ష జరిగిందని అధ్యయనంతో రుజువు చూపి, నగరం కార్యక్రమాన్ని మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర లెక్క ఎలా ఉంది?

ఈ చరిత్రకూ మనకూ సంబంధం పాతదే. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితి ముందు నల్లజాతివారు పెట్టిన విజ్ఞప్తి ప్రతి కావాలని అడిగారు. 2002 జనవరిలో వెలువడిన భోపాల్ ప్రకటన మరో అడుగు వేసింది. ఉద్యోగాల్లో రిజర్వేషన్లతో ఆగకుండా, ప్రభుత్వం కొనే వస్తువుల్లో, ఇచ్చే కాంట్రాక్టుల్లో దళితులకు, ఆదివాసీలకు వాటా కావాలని అడిగింది. అమెరికా అనుభవమే దానికి ఒక ఆధారం.

కేంద్రం 2012లో తెచ్చిన కొనుగోళ్ల విధానం ప్రకారం ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. ఏళ్ల తరబడి ఆ లక్ష్యానికి చాలా దూరంలోనే ఉంటున్నారు. పైగా అది వస్తువులకు, సేవలకు మాత్రమే. రోడ్లు, భవనాలు కట్టే పనులు దాని కిందికి రావు. కర్ణాటక తన చట్టాన్ని సవరించి 50 లక్షల రూపాయల దాకా పనుల్లో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు రిజర్వేషన్ పెట్టింది, 2023లో ఆ పరిమితిని కోటికి పెంచింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 జులైలో నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో సగం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు ఇచ్చే బిల్లు ఆమోదించింది. తెలంగాణ 2021లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది.

ఇవన్నీ కావాల్సినవే. వీటిలో లేనిది ఏమిటో అట్లాంటా పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. నామినేషన్ పనులు చిన్నవి. అసలు డబ్బు పెద్ద టెండర్లలో ఉంది. అక్కడ గత అనుభవం, టర్నోవర్, బ్యాంకు గ్యారంటీ అడుగుతారు. పెద్ద కంపెనీ దళిత సంస్థను భాగస్వామిగా కలుపుకుని రావాలనే షరతు మన రాజధానుల నిర్మాణంలో గానీ, మెట్రో పనుల్లో గానీ పెట్టలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉప ప్రణాళిక చట్టం సాధించుకున్నాం. ఆ నిధులు ఎంత ఖర్చయ్యాయని అడుగుతున్నాం. మన వాడలో ఆ నిధులతో వేసిన సిమెంటు రోడ్డు కాంట్రాక్టర్ ఎవరని అడగడం మాత్రం తక్కువ.

భూమి సంగతి మరీ బాధాకరం. రసెల్ తన మొదటి జాగా మీద ఇల్లు కట్టి, అద్దెకిచ్చి, దాని మీద మరొకటి నిలబెట్టుకున్నారు. మన కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చింది అసైన్డ్ భూమి. అన్యాక్రాంతం కాకుండా 1977 చట్టం దానికి రక్షణ ఇచ్చింది, అది అవసరమే. కానీ నగరం ఆ భూమి దాకా వచ్చినప్పుడు దళిత రైతుకు పట్టా రైతుతో సమానమైన విలువ ఇవ్వలేదు. అమరావతి భూసమీకరణలో మొదట ప్రకటించిన ప్లాట్లు పట్టా భూములకు ఎక్కువ, అసైన్డ్ భూములకు తక్కువ. రియల్ ఎస్టేట్ మన ఊళ్లకు వచ్చిందంటే మనవాళ్లు ఎక్కువగా భూమి ఇచ్చేవాళ్లుగానో, మేస్త్రీ కింద కూలీలుగానో కనబడతారు.

దళిత వ్యాపారులు ఎదిగి బడులకు, హాస్టళ్లకు విరాళాలివ్వాలని మేమూ కోరుకుంటున్నాం. ఆ విరాళాలు రావాలంటే ముందు వాటా రావాలి. దానికి మొదటి అడుగు లెక్క తెలుసుకోవడం. మీ మున్సిపాలిటీలో, మీ జిల్లా పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ కార్యాలయంలో గత మూడేళ్లలో ఇచ్చిన పనులెన్ని, వాటి విలువెంత, అందులో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు వెళ్లిందెంత అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత. అట్లాంటాలో పోరాటానికి బలమిచ్చింది 'ఒక శాతం కూడా లేదు' అనే లెక్క. మన పట్టణాల లెక్క ఎంతో ముందు మన చేతికి రావాలి.